కంచం అంచున ఉప్పు

ఇందాక అన్నం దగ్గర ఉప్పు అడిగితే, నీ చేతిలో పెట్టకుండా కంచం అంచున పెట్టానని అలిగావు కదూ బుజ్జమ్మా? ఇలా జరుగు. ఆ దుప్పటి సగం నాకూ ఇయ్యి. ఎందుకలా పెట్టానో చెబుతా, విను.

అనగనగనగా, సముద్రం దగ్గితే వినపడేంత దూరంలో ఒక ఊరు. పేరు తెల్లదిబ్బ. ఒకప్పుడు అక్కడ నలభై ఇళ్ళు, నలభై ఉప్పు మడులు. పోటు వచ్చినప్పుడు తూములు ఎత్తి సముద్రపు నీళ్ళు మడుల్లోకి వదిలేవాళ్ళు. ఆ తర్వాత తూములు మూసేసి, ఎండ కోసం చూసేవాళ్ళు. నీళ్ళు ఎండిపోతే అడుగున ఉప్పు మిగిలేది. అదే వాళ్ళ పంట.

ఇప్పుడు ఆ ఇళ్ళూ లేవు, మడులూ లేవు. ఊరి గుర్తుగా ఒక రాయి ఉంది, అంతే.

మన రోజుల్లోనే, ధరణి అని ఒక పిల్ల ఉండేది. పందొమ్మిదేళ్ళు. లెక్కలంటే ప్రాణం. బస్సెక్కితే సీట్లు లెక్కపెట్టేది. పులిహోర పెడితే అందులో పల్లీలు లెక్కపెట్టేది.

"అలా అయితే తినేదెప్పుడు అమ్మమ్మా?"

వాళ్ళమ్మా అదే అడిగేది. సరే, ఒకరోజు ధరణి ఆ రాయి చూడ్డానికి వెళ్ళింది. దాని మీద పాత రాత ఉంది. 'కేతప్ప సేన ఉప్పుటేరు దాటింది. నలభై ఇళ్ళు కాలాయి. రెండు వందల పన్నెండు మంది పోయారు.' దాని పైన ఇంకో వరుస ఉంది కానీ అరిగిపోయింది. 'ఉప్పు' అనీ 'చెయ్యి' అనీ రెండు మాటలే కనబడుతున్నాయి.

ధరణి ఆ అంకె మీద వేలు పెట్టింది. "ఈ ఒక్క లెక్క తప్పైతే ఎంత బావుండు!" అనుకుంది. అప్పుడు గాలి గిర్రున తిరిగింది. కళ్ళు తెరిచి చూస్తే రాయి ఉంది, దాని మీద రాత లేదు. ఎదురుగా నలభై ఇళ్ళు. పొయ్యిల్లోంచి పొగ. కాలం వెనక్కి పోయింది తల్లీ.

ఆ ఊరికి పెద్ద పోలమ్మ. నడుం వంగినా నోరు వంగని మనిషి. ధరణి పరుగున వెళ్ళి చెప్పింది. "పెద్దమ్మా, కేతప్ప సేన వస్తుంది. ఊరు కాలుస్తుంది. అందరూ పారిపోవాలి!"

పోలమ్మ ఆ పిల్లని పైనుంచి కిందిదాకా చూసింది. "మొగాడి లాగు తొడుక్కుని, జుట్టు విరబోసుకుని, ఏ ఊరే నీది? సోది చెప్పేదానివైతే గద్దె పలుకు. ఆకలేస్తే గంజి తాగు. ఊరికే ఊళ్ళో వాళ్ళని బెదరగొట్టకు."

ధరణి ఫోను తీసి చూపించింది. అది ఎప్పుడో చచ్చిపోయింది. "నల్ల పలక బానే ఉంది, బలపం ఏది?" అంది పోలమ్మ. అందరూ నవ్వారు.

మొదటిసారి అలా పోయింది.

కానీ బతకాలి కదా. అప్పుడు ధరణి పాత చీర కట్టుకుని మడుల్లో దిగింది. ఉప్పునీళ్ళకి కాళ్ళు పగిలాయి, అరచేతులు మండాయి. అయినా వాళ్ళతో పాటే గంజి తాగింది. తూము ఎలా ఎత్తాలో, గట్టు ఎలా పూడ్చాలో నేర్చుకుంది.

ఏటికి అవతల కేతప్ప నాయకుడి గుడారాలు కనబడుతూనే ఉన్నాయి. పంటలో సగం ఇమ్మంటాడు ఆయన. పావు వంతు ఇస్తామంటుంది పోలమ్మ. బేరం సాగుతోంది. 'ఇంత చిన్న బేరం యుద్ధం దాకా ఎందుకు పోయింది? నేనే వెళ్ళి మంచిగా మాట్లాడితే సరి' అనుకుంది ధరణి. ఎవరికీ చెప్పకుండా, కొంగులో మేలిరకం ఉప్పు మూటకట్టుకుని ఏరు దాటింది.

కేతప్ప బాగానే కూర్చోబెట్టాడు. ఉప్పు తెచ్చానంటే పళ్ళెం తెమ్మని మనిషిని పంపాడు. ఈ పిల్లకి ఆత్రం. పళ్ళెం వచ్చేదాకా ఆగలేదు. ఆయన చెయ్యి లాగి, అరచేతిలో ఉప్పు పోసేసింది.

గుడారంలో అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు.

"మా అమ్మ కూడా నా చేతికి ఉప్పియ్యలేదు," అన్నాడు కేతప్ప. "చేతికి ఉప్పిస్తే పగ కోరినట్టు. ఇది ఉప్పు పండించేవాళ్ళకి తెలియదా? పోలమ్మ పగే కావాలంటోందా? మంచిది. ఎల్లుండి ఆటు పడ్డాక వస్తాం. వెళ్ళి చెప్పు."

అప్పుడు ధరణికి రాయి గుర్తొచ్చింది. ఉప్పు. చెయ్యి. ఆ అరిగిపోయిన వరుస ఎవరి గురించో అర్థమైంది. యుద్ధం ఆపడానికొచ్చిన పిల్లే యుద్ధం తెచ్చింది.

రెండోసారి అలా పోయింది.

పారిపోవచ్చు కదా అంటావేమో. పారిపోలేదు. తిరిగొచ్చి పోలమ్మ ముందు నిలబడి, చేసింది చేసినట్టు చెప్పింది. పోలమ్మ, "చేసింది ఒప్పుకున్నావు. చేయాల్సిందేదో అదీ చెప్పు," అంది.

ధరణి బొగ్గు ముక్కతో గోడ మీద లెక్క వేసింది. "ఎల్లుండి పొద్దున్న పోటు పదిహేను ఘడియలు ఉంటుంది పెద్దమ్మా. తూములు పది. ఒక్కో తూము కింద నాలుగు మడులు. ఒక్కో మడి నిండడానికి మూడు ఘడియలు. అంటే పన్నెండు. మూడు మిగులుతాయి. మడులన్నీ నింపేసి తూములు మూసేస్తే, ఆటు వచ్చినా నీళ్ళు పోవు. ఊరి ముందంతా బురదవుతుంది. గుర్రాలు దిగబడతాయి."

"మరి మడుల్లో పంట?" అన్నాడు సూరప్ప అనే ముసలాయన.

"కరిగిపోతుంది తాతా. ఎల్లుండిలోగా ఎత్తే వీలు లేదు కదా."

ఊరంతా భగ్గుమంది. ఆ రోజంతా, మర్నాడంతా అదే గొడవ. మూడోనాడు పోటు మొదలైనా గొడవ ఆగలేదు. "మా కాళ్ళు పగిలి పండించింది నీళ్ళపాలు చేయమంటావా?" అని సూరప్ప కర్ర ఎత్తాడు. మిగలాల్సిన మూడు ఘడియలూ మాటల్లోనే పోయాయి.

అప్పుడు పోలమ్మ తన మడిలోంచి కుండలోకి పిడికెడు ఉప్పు తీసుకుంది. నడుం వంచుకునే వెళ్ళి, తన మడి తూము తనే ఎత్తింది. తెల్లటి పంట మీదకి నీళ్ళు గలగలా పారాయి. అది చూసి సూరప్ప కర్ర కింద పడేశాడు. ఏడుస్తూనే వెళ్ళి రెండో తూము ఎత్తాడు. ఆ తర్వాత మిగిలినవాళ్ళు.

ఆటు పడింది. సేన ఏరు దాటింది. మడుల దగ్గరికి వచ్చేసరికి గుర్రాలు పొట్టల దాకా దిగబడ్డాయి. కేతప్ప నడుము దాకా కూరుకుపోయాడు. గింజుకున్న కొద్దీ లోపలికి పోతున్నాడు. గట్టు మీద ఊరంతా నిలబడి ఉంది, కర్రలు పట్టుకుని.

"కొట్టండి," అన్నాడెవరో.

పోలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. గట్టు అంచుకి వెళ్ళి ఒక ఆకు పరిచింది. దాని మీద అన్నం ముద్ద పెట్టింది. పక్కనే ఆ పిడికెడు ఉప్పూ పెట్టి, ఆకుని కర్రతో ఆయన ముందుకి నెట్టింది.

"తిను నాయనా. మీ అమ్మ పెట్టినట్టే కింద పెట్టాను. ఊళ్ళో ఇంక మిగిలిన ఉప్పు ఇదే."

కేతప్ప ఆ ఉప్పుకేసి చూశాడు. కరిగిపోయిన నలభై మడులకేసి చూశాడు. కత్తి బురదలో వదిలేసి ముద్ద తిన్నాడు. ఉప్పు తిన్న ఇంటి మీద చెయ్యెత్తడం ఆ కాలంలో లేదు తల్లీ. అప్పుడు సూరప్పే మోకు విసిరి ఆయన్ని పైకి లాగాడు. సేన వట్టి చేతులతో వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ ఏడాది ఊరు చప్పిడి గంజి తాగింది. ధరణి కూడా తాగింది. మళ్ళీ పంట వచ్చేదాకా ఉండి, మడుల్లో పని చేసి, అప్పుడు వెళ్ళి రాయి మీద చెయ్యి వేసింది.

కళ్ళు తెరిస్తే మన కాలం. రాయి మీద రాత మారిపోయి ఉంది.

'ఆ ఏడు ఉప్పు లేదు. రెండు వందల పన్నెండు మందీ ఉన్నారు.'

ధరణి ఆ లెక్క మూడుసార్లు చదువుకుంది. పైన అరిగిపోయిన వరుస మాత్రం అలానే ఉంది. ఉప్పు, చెయ్యి. కొన్ని తప్పులు సర్దుకుంటాయి కానీ చెరిగిపోవు బుజ్జమ్మా.

"అమ్మమ్మా, ఆ రెండు వందల పన్నెండు మందిలో మనవాళ్ళు ఉన్నారా?"

లేకపోతే నీ కంచం అంచున ఉప్పు పెట్టడం నాకెవరు నేర్పారే? కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
ఉప్పేమో అంచుకి,
నిద్రేమో నీ కంటికి,
మనమేమో మనింటికి.