కంచర ఈత

మా గురువు అచ్యుతరామయ్య గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. చేతిలో పని ముగించి, చేతులు కడుక్కుని, అప్పుడు ఎక్కడో జరిగిన సంగతి ఒకటి ఎత్తుకుంటారు. అడిగినవాడు తన ప్రశ్న మరిచిపోయేంత దూరం తీసుకుపోతారు. ఆయన దగ్గర వైద్యం నేర్చుకున్న తొమ్మిదేళ్ళలో నాకు సూటిగా దొరికిన జవాబు ఒక్కటే, అది భోజనం వేళ గురించి.

ఆయనకు ఇద్దరు గురువులు. నాడీశాస్త్రం విజయనగరంలో ఒక పండితుడి దగ్గర చదివారు. మూలికలు మాత్రం పాడేరు కొండల్లో జానికమ్మ అనే గిరిజన వైద్యురాలి వెంట తిరిగి తెలుసుకున్నారు. ఆయన వైద్యంలో ఆ రెండూ కలిసిపోయాయి.

నా తోటి శిష్యుడు గౌరునాయుడు తెలివైనవాడు, కాకపోతే కాస్త తొందర మనిషి. శ్రావణంలో బొబ్బిలిలో సొంత వైద్యశాల తెరవబోతున్నాడు. ముందు ఆ పండితుడి నాడీ గ్రంథం పూర్తిచేసి, ఒక ఏడాది జానికమ్మ దగ్గర ఉండి రమ్మన్నారు గురువుగారు. వాడికి అది రుచించలేదు.

"ఆ శ్లోకాలు కొరుకుడు పడవు. ఆవిడ వెంట కొండలెక్కితే కాళ్ళు పడిపోతాయి. రెండింటి సారమూ మీ దగ్గరే ఉంది కదా గురువుగారూ, మీరు చెప్పింది వల్లిస్తే చాలదా?" అని అడిగాడు.

నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకునేవాణ్ణి. అడిగే ధైర్యం లేక ఊరుకున్నాను.

గురువుగారు కల్వంలో మందు నూరడం ముగించి, చేతులు కడుక్కుని, ఒక తోట సంగతి ఎత్తుకున్నారు. మంచు గడ్డకట్టే ఒక కొండ మీద ఆ తోట ఉండేదట. అక్కడ పాంగి లచ్చన్న అనే తోటమాలి పైదేశపు ఈతలు రెండు రకాలు పెంచేవాడు. ఒకటి పొట్టిది, మొరటుది, బూడిదరంగు ఆకులది. ఎంత చలినైనా ఓర్చుకుంటుంది కానీ ఎదగమంటే ఎదగదు. రెండోది నిటారుగా, అందగత్తెలా పెరుగుతుంది. మంచు పడితే మాత్రం మాడిపోతుంది కనుక దానిని దిగువన పాకల చాటున కాపాడేవాడు.

ఏటా మొరటుదాని గెలలో మగపూలు విచ్చకముందే గిల్లేసి, ఆడపూల మీద అందగత్తె పుప్పొడి చల్లి, గుడ్డ సంచి కట్టేవాడు. ఫ్రాన్సు దేశంలో నూరేళ్ళకు ముందే ఎవరో కనిపెట్టిన పద్ధతట. నూరు గింజలు వేస్తే పదో పన్నెండో మొలిచేవి, అవీ ఏడాది తరవాతే. అలా వచ్చిన మొక్క చలికి ఓర్చేది, చకచకా ఎదిగేది. లచ్చన్న దానికి కంచర ఈత అని పేరు పెట్టాడు.

ఆ ఏడు తోటకు మైదానం నుంచి కొత్త మేనేజరు వచ్చాడు. చదువుకున్నవాడు. కంచర అంటే కంచు పని అనుకున్నాడు. మాను రంగు చూసి సరిపోయిందనుకుని, అచ్చుతప్పు దిద్దినట్టు 'కంచు ఈత' అని బోర్డు కూడా రాయించాడు. లచ్చన్న కూతురి పురిటికని నెల్లాళ్ళు ఊరెళ్ళాడు. రెండింటి మంచీ దీంట్లో ఉండగా ఆ పాత చెట్లెందుకు, చోటు దండగ అని మేనేజరు మొరటువాటిని, అందగత్తెల్ని ఒక్కటి మిగలకుండా కొట్టించేశాడు.

లచ్చన్న తిరిగొచ్చి మొదళ్ళ మధ్య చతికిలబడ్డాడు.

"ఇక మొక్కలకేటి సేత్తాం బాబూ?" అన్నాడు మేనేజరుతో.

"వీటి గింజలే వేద్దాం. కంచు ఈత విరగకాసింది, చూడలేదా?" అన్నాడు మేనేజరు.

"కంచు కాదు బాబూ, కంచర. గుర్రానికీ గాడిదకీ పుట్టిన కంచర గాడిద ఈనుతాదేటి?"

మేనేజరు నమ్మలేదు. లచ్చన్న గెల నుంచి కాయ కోసి, కండ తీసి, టెంకను కత్తి మడమతో పగలగొట్టి అతని చేతిలో పెట్టాడు. లోపల పప్పు లేదు. ఇంకొకటి కొట్టాడు. డజను దాకా కొట్టి, కత్తి కింద పెట్టేశాడు.

గురువుగారు అక్కడ ఆగారు.

"తరవాతేం చేశాడండీ?" అన్నాను.

"ఎక్కడినుంచో ఆ రెండు రకాల గింజలూ తెప్పించి మళ్ళీ నాటాడు. అవి పూతకు రావాలంటే పదేళ్ళు పైమాటే. అప్పటికే లచ్చన్నకు అరవై."

గౌరునాయుడు పకపకా నవ్వాడు. "ఆ మేనేజరు చదువుకుని ఏం లాభం? కాయల్ని చూసి మోసపోయాడు, ఒక్కటి పగలగొట్టి చూస్తే ఏం పోయింది?"

గురువుగారు తుండు దులిపి భుజాన వేసుకుంటూ వాడివైపు చూశారు.

"తొమ్మిదేళ్ళుగా నా కింద కూర్చుని కాయలు ఏరుకుంటున్నావు కదా నాయనా, ఒక్కటైనా పగలగొట్టి చూశావా?" అన్నారు.