పోలమ్మ ఇవ్వని చెంబెడు నీళ్ళు

వైదేహిగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ ముందు చెప్పులు తొడుక్కుంటారు. సముద్రపుటొడ్డు పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకు ఏళ్ళ తరబడి శిక్షణ ఇస్తున్న ఆవిడ దగ్గర చదువంతా ఇలా దారి వెంటే సాగుతుంది.

ఆ రోజు ప్రశ్న ఆవిడ దగ్గర శిక్షణలో ఉన్న ఇందుమతిది. ఆమె పనిచేసే పల్లెలో బాలింతలకు పథ్యం పేరుతో మంచినీళ్ళు తగ్గించేస్తారు. ఒంటికి నీరు పడుతుందని భయం. అది తప్పని ఇందుమతి ఇంటింటికీ తిరిగి చెప్పింది, బొమ్మల కాగితాలు గోడలకు అంటించింది. సగానికి పైగా ఇళ్ళు మారాయి. పోలమ్మ ఇల్లు మారలేదు. పోలమ్మ వినదని కాదు. వింటుంది, అడిగితే పాఠమంతా తప్పు లేకుండా అప్పజెబుతుంది. కాన్పుకు పుట్టింటికొచ్చిన కూతురు నూకరత్నానికి మాత్రం గొంతు తడుపుకోవడానికి మించి నీళ్ళివ్వదు. ఆ పిల్లకు పెదవులు పగిలాయి. పాలు తగ్గి చంటివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"అర్థమయ్యాక కూడా ఎందుకు చెయ్యరు మేడమ్?" అని అడిగింది ఇందుమతి.

వైదేహిగారు చెప్పులు తొడుక్కున్నారు.

వీళ్ళు వెళ్ళేసరికి పోలమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. ఇందుమతిని చూడగానే అడక్కుండానే పాఠం అప్పజెప్పేసి, "ఈ పంతులమ్మకింకా పెల్లే అవలేదు గానీ బాలింత పత్తెం మాత్రం నాకు నేర్పుతాది" అంది. వైదేహిగారు నవ్వారు. చాప చివర కూర్చుని తనూ చేపలు తిరగేయసాగారు. నీళ్ళ మాట ఎత్తలేదు. మనవడిది ఎవరి పోలిక అని మాత్రం అడిగారు.

వాళ్ళ పెద్దమ్మ పోలికే అంది పోలమ్మ. అని, చేతిలో చేప అలాగే పట్టుకుని ఉండిపోయింది. తర్వాత తనే చెప్పుకొచ్చింది. ఆ పెద్దమ్మ బంగారి, పోలమ్మ పెద్దకూతురు. తొలి కాన్పయ్యాక దాహమని ఏడిస్తే, పోలమ్మ తన అత్త కంటపడకుండా చెంబెడు నీళ్ళు తాగించింది. జ్వరంతో బంగారి దక్కలేదు. నీళ్ళు పోసి చంపుకున్నావని అత్త పోయేదాకా అంటూనే ఉంది.

ఇందుమతి ఏదో చెప్పబోయింది. వైదేహిగారు ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపి, పోలమ్మనే అడిగారు.

"జ్వరం ముందొచ్చిందా, నీళ్ళు ముందు తాగిందా?"

పోలమ్మ చేతిలోని చేపను చాప మీద పెట్టింది. లోపల చంటివాడు ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాడు.

"ఒల్లు కాలిపోతంటేనే కదమ్మా... నీల్లడిగినాది" అంది చివరికి, ఆ మాట తనే మొదటిసారి వింటున్నట్టు.

"ఆ జ్వరం నీ చెంబులోంచి రాలేదు పోలమ్మా. నువ్వు తాగించబట్టి నీ బిడ్డ దాహంతో పోలేదు, అంతే."

పోలమ్మ చేతులు చీరకు తుడుచుకుంది, చాలలేదేమో మళ్ళీ కడుక్కుంది. కాచి చల్లార్చిన నీళ్ళు చెంబులో వంచుకుని లోపలికి వెళ్ళింది. తడిక సందులోంచి ఇందుమతికి కనిపించింది: ఒక చెయ్యి కూతురి తల కింద, ఒక చెయ్యి చెంబు మీద. నిమ్మళంగా తాగమని చెబుతోంది. చెంబు ఖాళీ అయ్యాక, ఇంకా కావాలా అని అడుగుతోంది.

తిరిగొచ్చే దారిలో ఇసుకలో నడుస్తూ ఇందుమతి ఉత్సాహంగా లెక్కలు వేసింది. ఇంకా మారని ఇళ్ళు ఎన్నో, ఎన్ని వారాల్లో తిరగొచ్చో, కొత్త కాగితం మీద జ్వరం గురించి ఏ బొమ్మ వెయ్యాలో చెప్పుకుంటూ పోయింది. వైదేహిగారు అంతా విన్నారు.

"ఆ ఇంటికి చాలాసార్లు వెళ్ళావు కదా ఇందూ," అన్నారు. "బంగారి పేరు ఇవాళేనా వినడం?"