నూకరాజు సంతోషానికి పూచీ ఎవరిది?

వెదుళ్ళలంకలో తెలివైన వాళ్ళెవరని అడగాలేగానీ, మాణిక్యమ్మ ఇంటివాళ్ళు ముగ్గురూ చేతులెత్తేవాళ్ళు. ఎత్తిన చేతులు దించమని ఎవరూ చెప్పలేదని సాయంత్రం దాకా అలాగే తిరిగేవాళ్ళు. "మా ఇంట్లో తెలివి ఎంతుందనుకున్నారు? వానొస్తే ముందు దాన్ని లోపల పెట్టుకుని, ఆ తర్వాతే ఆరేసిన బట్టలు తీస్తాం" అనేది మాణిక్యమ్మ. ఆ బట్టలు ఏడాది పొడుగునా తడిగానే ఉండేవి.

ఆవిడకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పోలయ్యకి పెళ్ళి కాలేదు. ఎలా అవుతుంది? పొరుగూరు వెళ్ళి అమ్మాయిని చూసి రమ్మంటే గుమ్మంలోంచి తొంగి చూశాడు, గిర్రున వెనక్కి తిరిగాడు, వచ్చేశాడు. "చూశాను" అన్నాడు. అంతే. అటువాళ్ళు పళ్ళాల నిండా పెట్టిన మైసూర్‌పాకు ముక్కలు పెట్టినట్టే ఉండిపోయాయి.

చిన్నవాడు నూకరాజుకి మాత్రం పెళ్ళయింది. పెళ్ళాం పేరు వరహాలు. ఆ ఇంట్లో అసలు తెలివంటూ ఉంటే అది ఆ పిల్ల దగ్గరే ఉండేది. కానీ తనకుందని చెప్పుకోదు కాబట్టి వాళ్ళు లెక్కలోకి తీసుకోలేదు.

వాళ్ళది తుంగచాపల పని. చాప ఒక్కరు అల్లేది కాదు. ఒకరు తుంగపోచ అందించాలి, ఇంకొకరు దాన్ని మగ్గం బద్దతో బిగించాలి. వరహాలు అందించేది, నూకరాజు బిగించేవాడు. చెయ్యి మంచిదే, నోరే మంచిది కాదు. పోచ పోచకీ ఒక నిట్టూర్పు. "నా వల్ల కాదు. నా చాప వంకర. నా మొహం వంకర. నేనెందుకూ పనికిరాను." ఒక చాపకి ఆరొందల పోచలైతే ఆరొందల నిట్టూర్పులు. ఆ గాలికి పక్క దొడ్లో నేను ఆరేసుకున్న చీరలు రెండు కాలవ దాటి పోయాయి. ఒకటి ఇప్పటికీ దొరకలేదు.

పైగా పొద్దున్న లేస్తూనే పెళ్ళాన్ని అడిగేవాడు.

"వరహాలూ, ఇవాళ నేను సంతోషంగా ఉన్నానా?"

"ఉన్నావయ్యా."

"నిజంగానా? నాకు తెలియట్లేదే. ఇంకోసారి చూసి చెప్పు."

రోజుకి నలభై సార్లు చూసి చెప్పాలి. చూసీ చూసీ ఆ పిల్ల మొహం కూడా వాడి మొహంలాగే వేలాడిపోయింది. ఒకనాడు చేతిలో పోచ కింద పడేసి లేచి నిలబడింది.

"ఏమయ్యా, నీ సంతోషం కూడా నేనే మొయ్యాలా? నీళ్ళు మోస్తున్నాను, తుంగ మోస్తున్నాను, ఇది నా వల్ల కాదు. మా అమ్మ దగ్గరికి పోతున్నా. నీ సంతోషం నువ్వు చూసుకోవడం నేర్చుకున్ననాడు కబురెట్టు, పరిగెత్తుకొస్తా."

అని మూట కట్టుకుని కాలవ అవతల పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఇంకేముంది, మగ్గం మూలబడింది. పోలయ్యని కూర్చోబెట్టి "పోచ అందించరా అన్నా" అంటే ఒక పోచ అందించి లేచి వెళ్ళిపోయాడు. "ఒకటేగా అడిగావు?" అన్నాడు. నూకరాజు ఏడ్చిన ఏడుపుకి కాలవలో నీళ్ళు జానెడు పెరిగాయి. నేను స్వయంగా జానతో కొలిచాను.

"ఒరే, ఏడిస్తే పెళ్ళాం రాదు. సంతోషం ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని తెచ్చుకో" అంది మాణిక్యమ్మ. వెంటనే ఖాళీ సీసా పట్టుకుని కాంపౌండరు భీమేశ్వరం గారి దగ్గరికి పరిగెత్తాడు.

"కాంపౌండరు గారూ, దీన్నిండా సంతోషం పొయ్యండి. నేను సంతోషంగా ఉంటేగానీ మా వరహాలు రాదు."

ఆయన నవ్వాడు. "అది సీసాల్లో దొరికేది కాదురా అబ్బాయ్. పొద్దస్తమానం నిన్ను నువ్వే తిట్టుకుంటుంటే మనసెలా బాగుంటుంది? రోజూ మూడుపూటలా అన్నం తిన్నాక అద్దం ముందు నిలబడి నీకు నువ్వు నాలుగు మంచి మాటలు చెప్పుకో. ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసుకున్నట్టు నిన్ను నువ్వు చూసుకో. నీ సంతోషానికి పూచీ నీదే, ఇంకొకరి నెత్తిన పెట్టకు. వెళ్ళు."

మాటలు బంగారం లాంటివి. వెళ్ళిన చోటే బాగాలేదు.

మధ్యాహ్నం అన్నం తిని అద్దం ముందు నిలబడ్డాడు నూకరాజు. వాళ్ళింట్లో అద్దం సగం విరిగిపోయి సగమే మిగిలింది. అందులో ఎడమ బుగ్గ, ఎడమ కన్ను కనపడతాయి. "నూకరాజూ, నువ్వు చాలా మంచోడివి" అన్నాడు. పోలయ్య వేళ్ళు మడిచి "నాలుగు మాటలూ అయ్యాయి, ఆపు!" అన్నాడు. అంతే. మూడు రోజులు గడిచేసరికి ఎడమ మూతి చెవిదాకా నవ్వుతోంది. కుడి మూతి గడ్డం దాకా జారిపోయింది.

"అయ్యో, కుడివైపు వాడికి మంచి మాట చెప్పేవాళ్ళే లేరే!" అని మాణిక్యమ్మ గుండె బాదుకుంది. "అన్నదమ్ముల్లాంటి బుగ్గలు. ఒకణ్ణి మెచ్చుకుని ఒకణ్ణి వదిలేస్తే రెండోవాడు కుళ్ళిపోడూ?"

దాంతో కుడివైపుకి వేరే పూట పెట్టారు. అది విని ఎడమవైపు అలిగింది. చివరికి అద్దం గోడవైపు తిప్పేసి, ఎవరి మొహమూ కనపడకుండా ఇద్దరికీ ఉమ్మడిగా చెప్పారు.

తర్వాత చుట్టం సంగతి. నూకరాజు తలదువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, వీధిలోకి వెళ్ళి తనింటి తలుపు తనే కొట్టాడు. ఎవరూ తియ్యలేదు. తియ్యాల్సినవాడు తనే కదా! పెరటి దోవన లోపలికి పరిగెత్తి తలుపు తీశాడు. గుమ్మంలో ఎవరూ లేరు.

"అరెరె, చుట్టం వెళ్ళిపోయాడమ్మా!"

"నువ్వు ఆలస్యం చేశావురా! పరిగెత్తు, ఎంతో దూరం పోయుండడు!"

మళ్ళీ వీధిలోకి, మళ్ళీ తలుపు, మళ్ళీ పెరడు. వాడు ఇంటి చుట్టూ తిరిగిన తిరుగుడికి నేలలో గాడి పడింది. నా బాతులు ఆ గాడిలో నీళ్ళు నిలిస్తే ఆర్నెల్లు ఈదాయి. ఆఖరికి పోలయ్యే ఉపాయం చెప్పాడు. "తలుపు ముందే తీసిపెట్టుకుని కొట్టరా తమ్ముడూ."

అలా చుట్టం లోపలికొచ్చాడు. నూకరాజు తన కాళ్ళు తనే కడుక్కున్నాడు. మంచం వాల్చుకున్నాడు. విస్తరి వేసుకుని వడ్డించుకున్నాడు. చుట్టమన్నవాడు అడగ్గానే తింటాడా?

"వద్దండీ, ఇప్పుడే తిని బయల్దేరాను" అన్నాడు తనతో.

"అబ్బే, మొహమాటపడకండి" అన్నాడు తనే.

"కాదండీ, నిజంగానే వద్దండీ."

"మీరు తినకపోతే మా అమ్మ బాధపడుతుంది."

"పోనీ ఇంకోసారి వచ్చినప్పుడు తింటాలెండి."

అన్నం చల్లారిపోయింది. పక్కన కూర్చున్న పోలయ్య చుట్టం వంతూ, ఇంటాయన వంతూ తినేశాడు. రెండు రోజులు ఇదే వరస. తినలేదు గనక అన్నం తిన్నాక చెప్పుకోవలసిన మంచి మాటలూ ఆగిపోయాయి. నూకరాజు వాడిన తోటకూర కాడలా మంచానికి అతుక్కుపోయాడు. మూడోనాడు మాణిక్యమ్మకి కోపమొచ్చి, "ఏమండీ చుట్టంగారూ, మీరింక మీ ఊరు వెళ్ళండి!" అని చుట్టాన్ని వీధిలోకి గెంటి, గెంటగానే కొడుకుని లోపలికి లాక్కుని అన్నం పెట్టింది.

అన్నం లోపలికి పోగానే పెద్ద విషయం గుర్తొచ్చింది వాడికి. "అమ్మా, సంతోషం ఇంకొకరి నెత్తిన పెట్టకూడదన్నారే!"

సరిగ్గా అప్పుడే మాణిక్యమ్మ తుమ్మింది. మామూలు తుమ్మా అది? చూరులో పిచ్చుకలు గూళ్ళతో సహా లేచిపోయాయి. నూకరాజు పకపకా నవ్వేశాడు. నవ్వేసి నోరు మూసుకున్నాడు.

"ఈ నవ్వు నాది కాదు, నీది! తీసేసుకో అమ్మా!"

"ఎలా తీసుకోనురా?"

"నేనూ తుమ్ముతా, నువ్వు నవ్వు. చెల్లయిపోతుంది."

ముక్కులో పోచ పెట్టుకుని తుమ్మాడు. ఆవిడ నవ్వింది. ఆవిడ బోసినోటి నవ్వు చూసి పోలయ్య నవ్వాడు. పోలయ్య నవ్వుకి నూకరాజుకి మళ్ళీ నవ్వొచ్చింది. ఎవరి నవ్వు ఎవరిదో తెలియక ముగ్గురూ పోట్లాడుకున్నారు. వీళ్ళిలా ఉండగా కిటికీలోంచి చల్లగాలి వచ్చింది. ప్రాణానికి హాయిగా అనిపించింది. "ఛీ, నిన్నెవరు రమ్మన్నారు? నా సంతోషం నేను చూసుకోలేనా?" అని గాలిని తిట్టి కిటికీ మూశాడు. వీధి కుక్క తోకాడిస్తే కళ్ళు మూసుకున్నాడు. నేను ప్రేమగా గిన్నెడు మజ్జిగపులుసు ఇస్తే, "పిన్నీ, ఇది బాగుంటుంది, నాకొద్దు" అని తిరిగిచ్చేశాడు.

"ఇలా లాభం లేదు" అన్నాడు పోలయ్య. "ఏ సంతోషమూ దూరని చోట కూర్చో. అక్కడ పుడితే అది కచ్చితంగా నీదే."

అంతే, ఖాళీ వడ్ల గాదెలోకి దింపి పైన మూత పెట్టారు. లోపల చీకటి, ఉక్క, దుమ్ము. సంతోషం ఏ మూలనుందోనని తడుముతుంటే విత్తనాల కుండ చేతికి తగిలింది. ఇందులో ఉందేమోనని తల దూర్చాడు. లేదు. తల మాత్రం వెనక్కి రాలేదు.

"నూకరాజూ, నువ్వు చాలా మంచోడివి" అన్నాడు భయంగా.

"మంచోడివి, మంచోడివి, మంచోడివి" అంది కుండ.

వాడి ఆనందం చూడాలి! ఇన్నాళ్ళకి ఎవరినీ అడక్కుండా తనకి తనే చెప్పుకుంటే తనకే వినపడింది. కుండతోనే బయటికొచ్చి గంతులేశాడు. కుండ తియ్యబోతే తీయనివ్వలేదు. మాణిక్యమ్మ కాలవ గట్టు మీదికి పరిగెత్తి అవతలి ఒడ్డుకి కేకేసింది. "ఒసే వరహాలూ! నీ మొగుడు సంతోషంగా ఉన్నాడే! కుండలో!"

కుండలో అన్న మాట విని వరహాలు పడవ కోసం కూడా ఆగలేదు, నడుం లోతు నీళ్ళలో పడి వచ్చేసింది. మగ్గం బద్ద తీసి ఒక్కటిచ్చింది. కుండ రెండు చెక్కలైంది. లోపల నూకరాజు మొహం, దుమ్ము కొట్టుకుపోయి, ఎండకి కళ్ళు చికిలించుకుంటూ. ఎదురుగా వరహాలు!

మొహం వెలిగిపోయింది. వెంటనే ఆరిపోయింది.

"అయ్యో, ఇప్పుడు కలిగింది నాది కాదు, నీది! కుండలో ఉన్నది నాది! అది పగలగొట్టేశావు! ఇంక నువ్వు ఉండవుగా?" అని బావురుమన్నాడు.

వరహాలుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నేనుంటాను. నువ్వు సంతోషంగా ఉన్నా లేకపోయినా నేను నా సంతోషం కోసం వచ్చాను. ఈ మగ్గం దగ్గర కూర్చుంటే నాకు బాగుంటుంది."

"నన్ను చూస్తే నీకు బాగుంటుంది, నిన్ను చూస్తే నాకు బాగుంటుంది. పూచీ ఎవరిదో తేలేదెలా?"

ముగ్గురు తెలివైనవాళ్ళూ తలలు దగ్గర పెట్టి ఆలోచించారు. తేల్చింది పోలయ్యే. "ఇంటికి నడిమధ్యన అడ్డంగా చాప కడదాం. అటువైపు మరదలు, ఇటువైపు తమ్ముడు. ఎవరి సంతోషం వాళ్ళవైపు ఉంటుంది, కలవదు."

"బాగుంది బావగారూ" అంది వరహాలు. "ఆ చాప ఎవరల్లుతారు?"

ఇంట్లో ఒక్క చాపా లేదు. చాపకి ఇద్దరు కావాలి. ఇంకేముంది, ఇద్దరూ మగ్గం దగ్గర కూర్చున్నారు. వరహాలు పోచ అందించింది, నూకరాజు బిగించాడు. మొదటి పోచకి నిట్టూర్చబోయి, కాంపౌండరు గుర్తొచ్చి, "బాగానే పడింది" అనుకున్నాడు. పదో పోచ వంకరపోయింది. "ఫరవాలేదు నూకరాజూ, ఇంకోటి వేస్తే సర్దుకుంటుంది" అన్నాడు తనతో తనే. సర్దుకుంది. అది చూసి వరహాలు నవ్వింది. అది చూసి వాడూ నవ్వాడు, నవ్వి తల్లివైపు బెదురుగా చూశాడు.

"అడ్డు చాప ఇంకా కట్టలేదుగా, అంతదాకా ఫరవాలేదు, నవ్వుకోండి" అని తీర్పు చెప్పింది మాణిక్యమ్మ.

నాలుగు రోజులు అల్లారు. కబుర్లే కబుర్లు, నవ్వులే నవ్వులు. నాలుగు రోజుల్లో ఒక్క నిట్టూర్పు లేదు. నా చీరలు తాడు మీద కదలకుండా ఉన్నాయి. అంత పెద్ద చాప, అంత అందమైన చాప మా లంకలో అంతకుముందు లేదు. ఆకాశానికి కప్పినా చెంగు మిగిలేది.

అయిదోనాడు దూలానికి కట్టారు. పోలయ్య పైకెక్కి ముళ్ళు వేశాడు. నూకరాజూ వరహాలూ కింద అంచు పట్టుకుని నిలబడ్డారు. చాప నిండుగా దిగింది. ఇంటిని రెండుగా చీల్చింది. ఇద్దరూ ఉన్నచోటే చతికిలబడి ఊపిరి పీల్చుకున్నారు, పక్కపక్కన, భుజం భుజం రాసుకుంటూ.

నూకరాజు చాపకేసి తిరిగి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచాడు. "వరహాలూ! అటువైపు బాగున్నావా?"

పక్కనే ఉన్న వరహాలు కూడా చాపకేసి తిరిగింది. "బాగున్నానయ్యా! నా అంతట నేనే! మరి నువ్వో?"

"నేనూ అంతే! నువ్వు కనపడకపోయినా బాగానే ఉన్నాను!" అని, పెళ్ళాం కొంగున కట్టుకున్న వేరుశెనక్కాయలు నాలుగు తీసి, ఒలిచి నోట్లో వేసుకున్నాడు.

వంటింట్లోంచి మాణిక్యమ్మ పెద్దకొడుకుతో అంటోంది. "విన్నావట్రా? మధ్యలో చాప ఉండబట్టి సరిపోయింది. ఈ తెలివి ముందే వచ్చుంటే పెళ్ళినాడే కట్టేసేవాళ్ళం."