చదరంగం గదిలో దీపం

చదరంగంలో జగ్గరాజు దొరను ఓడించినవాడే లేడు. ఎలా ఓడిస్తారు? దీపం ఆయన వీపు వెనక ఉండేది. ఆయన నీడ బల్లంతా పరుచుకునేది. ఆ నీడ చాటున ఎదుటివాళ్ల గుర్రాలూ ఏనుగులూ మాయమయ్యేవి.

ఓసారి పొరుగు జమీందార్లు ఆటకొస్తున్నారని, "గది ధగధగలాడిపోవాలిరా!" అని దొర హుకుం వేశాడు. దీపాలు వెలిగించే గవరయ్య పెద్ద దీపమొకటి తెచ్చి సరిగ్గా బల్ల మీదికి వేలాడదీశాడు. నీడ పోయింది. దొర వరసగా మూడాటలు ఓడిపోయాడు.

అతిథులు పడకలు చేరగానే దొర గవరయ్య మీద విరుచుకుపడ్డాడు. "దీపం మళ్లీ నా వెనక పెట్టు. లేదంటే నీ కొలువు ఊడింది!"

"ఇప్పుడే పెడతాను దొరా. ఇంత మంచి వెలుగు ఎందుకు తీసేశావని రేపు వాళ్లడిగితే ఏం చెప్పమంటారు?"

దీపం అక్కడే ఉండిపోయింది. ఆ వారమే చదరంగం నేర్పే గురువు కోసం దొర కబురంపాడు.