తీతువు కూసిన చోటు

అనగనగా, వానలు మాట తప్పడం మొదలుపెట్టిన కాలంలో, రెండు కొండల నడుమ ఒక ఏరు ఉండేది. వానాకాలంలో అది ఒడ్లు ఒరుసుకుని పారేది. ఎండలు ముదిరితే ఒట్టి ఇసుక మిగిలేది. ఆ ఏటి ఒడ్డున ఒక ఏనుగుల మంద కాపురముండేది.

ఎన్ని ఎండలు కాసినా ఆ మంద దాహంతో చావలేదంటే అదంతా మేఘమాల అనే ముసలి ఏనుగు చలవే. ఎండిన ఇసుకలో ఎక్కడ తవ్వితే నీరు ఊరుతుందో ఆమెకు తెలుసు. అలా తవ్విన గుంటను చెలమ అంటారు పిల్లలూ. ఏనుగులన్నీ ఆమెను "అవ్వా" అని పిలిచేవి.

అవ్వకు వయసు మీద పడింది. తన విద్యను మనవరాలు సంపంగికి అప్పగించాలనుకుంది. సంపంగికీ అదే కోరిక. అవ్వలాగే మందను బతికించాలని నిద్రలో కూడా కలవరించేది.

అవ్వ చదువుకు ఒకటే నియమం. ఏటిలోకి దిగగానే, "చెలమ ఎక్కడుందే?" అని అడిగేది. "తెలియదవ్వా" అని సంపంగి అనాలి. అప్పుడే అవ్వ ఒక గుర్తు చెప్పేది.

"ఇదేం పట్టింపు అవ్వా?" అని సంపంగి ఒకసారి నవ్వింది.

"తెలుసనుకున్న చెవిలోకి నా మాట దూరదు తల్లీ" అంది అవ్వ.

మొదటి వేసవిలో అవ్వ మొదటి గుర్తు చెప్పింది. ఏరు వంపు తిరిగే చోట ఇసుక కింద నీరు ఆగుతుంది. సంపంగి వంపు దగ్గర చెమటలు కక్కుతూ తవ్వింది. చుక్క పడలేదు. అంతలో ఒక తీతువు పిట్ట నెత్తిమీద చక్కర్లు కొడుతూ అరిచింది.

"తప్పు! తప్పు! అవతలి ఒడ్డున తవ్వు!"

సంపంగికి ఒళ్ళు మండింది. అయినా అవతలికి వెళ్ళి తవ్వింది. మోకాలి లోతున నీరు మెరిసింది. ఆ సాయంత్రం ఏనుగూ పిట్టా ఒకే చెలమలో తాగాయి.

రెండో వేసవిలో ఒడ్డున ఉన్న వెలగచెట్టు మీదికి ఒక కోతుల గుంపు వచ్చి చేరింది. వాటి నాయకుడి పేరు చటులుడు. సంపంగి ఒకసారి తల ఆనించి చెట్టును ఊపేసరికి బోలెడు వెలగపళ్ళు రాలాయి.

"ఆహా, ఏం బలం! ఏం తెలివి!" అన్నాడు చటులుడు. "ఈ అడవికి నువ్వే నీటితల్లివి!"

మర్నాడు సంపంగి మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. మెచ్చుకునేవాళ్ళ మధ్య పొద్దు ఎలా గడుస్తుందో తెలియదు కదా!

ఆ ఏడు అవ్వ రెండో గుర్తు చెప్పింది. తుంగగడ్డి పెరిగిన చోట నీరుంటుంది. సంపంగి సగం విని కోతుల దగ్గరికి పరుగెత్తింది. తీతువు వెంటపడింది.

"తుంగ ఆకు చూస్తే చాలదు. వేరు పీకి తడి చూడాలి. ఆ మాట విన్నావా?"

చటులుడు కిచకిచ నవ్వాడు. "తీతువు కూత అశుభం సంపంగీ! అది కూసిన చోట చావు తప్పదు. తరిమెయ్యి!"

సంపంగి తొండంతో ఇసుక తీసి పిట్ట మీద చిమ్మింది. అంతటితో ఊరుకోలేదు. మందలో అందరికీ చెప్పింది. "తీతువు కూస్తే అటు పోకండి. ప్రాణాలకే ముప్పు." అవ్వ దగ్గర విద్య నేర్చుకుంటున్నదాని మాట కదా, అందరూ నమ్మారు.

మూడో వేసవి వచ్చింది. అవ్వ ఆయాసపడుతూ ఏటిలోకి దిగింది. మూడో గుర్తు అన్నిటికంటే కష్టం. అరికాలు ఇసుకలో ఆనించి, కదలకుండా నిలబడి, అడుగునున్న చలువను కాలితో వినాలి.

"చెలమ ఎక్కడుందే?" అంది అవ్వ.

సంపంగి నోరు తెరిచింది. వెలగకొమ్మ మీద కోతులన్నీ వరసగా కూర్చుని చూస్తున్నాయి. వాళ్ళ ముందు తెలియదని ఎలా అనడం? సిగ్గు ముంచుకొచ్చింది.

"తెలుసవ్వా" అంది.

అవ్వ కొమ్మ వైపు చూసింది. మనవరాలి వైపు చూసింది. "సరే తల్లీ" అని, ఆ గుర్తు చెప్పకుండానే మెల్లగా వెనక్కి తిరిగింది. ఆ చలికాలంలోనే అవ్వ కన్నుమూసింది.

ఆ తర్వాత వాన రాలేదు. కొండవాగులు ఎండిపోయాయి. మందకు పుట్టెడు కష్టం వచ్చిపడింది. సంపంగికి అప్పుడే పొన్న అనే చెల్లెలు పుట్టింది. తల్లికి పాలు ఇంకిపోయాయి. పొన్న అక్క తొండం పట్టుకుని చప్పరించేది.

"నువ్వే దిక్కు సంపంగీ" అంది తల్లి.

సంపంగి వంపు దగ్గర తవ్వింది. దుమ్ము లేచింది. తుంగ ఉన్న చోట తవ్వింది. ఆకు పచ్చగానే ఉంది గానీ వేరు పుల్లలా విరిగింది. ఇక మూడోది. అది అవ్వ చెప్పలేదు, అవ్వ చేస్తుంటే దూరం నుంచి చూసిందంతే. అరికాలు ఆనించి నిలబడింది. కాలికి నిప్పులాంటి ఇసుకే తప్ప ఇంకేమీ తెలియలేదు.

ఆమె కోతుల దగ్గరికి పరుగెత్తింది. "చటులా, నాకు భయంగా ఉంది. తోడుండండి."

"నీకు అన్నీ తెలుసుగా! మాతో పనేముంది?" అన్నాడు చటులుడు. గుంపంతా కొండ దాటి మామిడితోటలకు వెళ్ళిపోయింది. వెలగచెట్టు బోసిగా మిగిలింది.

అప్పుడు దూరం నుంచి తీతువు కూత వినిపించింది.

మంద బెదిరింది. పొన్నను నెట్టుకుంటూ కూతకు వ్యతిరేక దిక్కున నడక సాగించింది. "ఆగండి!" అని సంపంగి ఎంత అరిచినా ఎవరూ ఆగలేదు. అటు పోవద్దని చెప్పింది ఆమే కదా.

సంపంగి ఒంటరిగా కూత వైపు పరుగెత్తింది. తీతువు ఇసుకలో గుడ్ల పక్కన నిలబడి ఉంది.

"నాకు తెలియదు" అంది సంపంగి. "నాకేమీ తెలియదు."

"ఈ మాట కోసమే కూస్తున్నాను, ఎన్నాళ్ళ నుంచో" అంది తీతువు. "ఇక్కడ పొద్దున్నే ఇసుక చెమ్మగిలుతుంది. తవ్వు."

సంపంగి తవ్వింది. నీరు ఊరింది. తాను తాగలేదు. తొండం నిండా పట్టుకుని మంద పోయిన దారి పట్టింది.

పొన్న బండరాయి నీడలో పడుకుని ఉంది. తల్లి దాని మీదికి వంగి నిలబడింది. సంపంగి చెల్లెలి నోట్లో నీళ్ళు పోసింది. నీళ్ళు మూతి పక్కనుంచి కారి ఇసుకలో ఇంకిపోయాయి. మళ్ళీ పోసింది. మళ్ళీ కారిపోయాయి.

"నీళ్ళెక్కడివే?" అంది తల్లి.

"తీతువు కూసిన చోటివి."

తల్లి తొండంతో పొన్న కళ్ళు మెల్లగా మూసింది.

మిగిలిన మంద ఆ చెలమలో తాగి బతికింది. సంపంగి కూడా బతికింది. ఏటేటా ఇసుకలో దిగి, కాలు ఆనించి నిలబడి, మూడో గుర్తు తనంతట తానే వెతుక్కునేది. చెప్పేవాళ్ళు లేరు. కొన్ని వేసవుల్లో దొరికేది, కొన్నిటిలో దొరికేది కాదు. తీతువు ఎక్కడ కూసినా మందంతా తల తిప్పి వినేది.

పిల్లలూ, మన తప్పు మన ముఖాన చెప్పే స్నేహం దగ్గరే జ్ఞానం నిలుస్తుంది. అంతా తెలుసని పొగిడే స్నేహం మన చేత "తెలియదు" అనే మాటను మాన్పించి, మనవాళ్ళ ప్రాణం మీదికి తెస్తుంది.