మిద్దె మీది మిగులు ఎండ

అనగనగా ఎండకు కరువెరుగని ఒక ఊరు. ఆ ఊళ్లో మిద్దెమిద్దెకూ నల్లటి పలకలు పరిచి ఉండేవి. అవి ఎండను తాగి కరెంటు ఇచ్చేవి. ఇంటికి వాడుకోగా మిగిలింది ఊరి తీగలోకి పోయేది. ఊరు దానికి వెల కట్టి పుచ్చుకునేది.

ఆ ఊళ్లో కామేశం అని ఒక పిండిమర ఆసామి. మెతుకు నేల రాలితే ఏరి పిచ్చుకలకు వేసే మనిషి. మర తిరగని రోజున మీటరు ముందు పీట వేసుకుని కూర్చునేవాడు. తన ఎండ ఊరికి పోతున్నంతసేపూ అందులో ఎర్రదీపం మినుకుమనేది. ఊరి తీగ తెగితే మాత్రం, గోడకున్న కాపలా పెట్టె ఠక్కున మూసుకుని, మిద్దె కరెంటును తీగలోకి పోనిచ్చేది కాదు. దీపం ఆగిపోయేది.

మొదటిసారి గాలివానకు తీగ తెగింది. తీగ ఇంకా అతకలేదు, మర్నాడు నిండా ఎండ.

"ఎంత వృథా, ఎంత వృథా" అని కామేశం నిట్టూర్చాడు.

"సూర్యుడేమైనా రేపు రానన్నాడా?" అంది భార్య నాంచారమ్మ.

రెండోసారి తీగ తెగితే బాగుచేయడానికి ఆమె తమ్ముడు పోలయ్య వచ్చాడు. స్తంభాలెక్కడమే అతని బతుకుతెరువు.

"ఆ పెట్టె తీసేస్తే ఏమవుతుందిరా?" అడిగాడు కామేశం.

"ఏముంది బావా, మా అక్కకు పుట్టిల్లు లేకుండా పోతుంది" అని నవ్వాడు పోలయ్య. "నీ పెట్టె మూసుకుందన్న నమ్మకంతోనే కదా మేం తీగ పట్టుకునేది."

కామేశమూ నవ్వాడు. కానీ ఆగిన దీపం అతని కళ్లలోంచి పోలేదు. పిసరంత ఎండ మనిషినేం చేస్తుందిలే అనుకున్నాడు. ఒకనాడు పెట్టెను తప్పించి, అటూ ఇటూ తీగముక్కతో కలిపేశాడు.

మూడోసారి మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. ఆకాశమంతా కారుమబ్బు. వీధి చివర పోలయ్య తీగకు పరీక్షదీపం ఆనించి చూశాడు. వెలగలేదు. స్తంభమెక్కాడు.

కామేశం మీటరు ముందే ఉన్నాడు. మబ్బు తొలగింది. మిద్దె మీద ఎండ కాసింది. దీపం మినుకుమంది.

"చూశావుటే, ఇవాళ వృథా పోలేదు" అన్నాడు మురిపెంగా.

వీధిలో బరువైనదేదో నేల మీద పడ్డ చప్పుడైంది.

నాంచారమ్మ పరుగెత్తింది. కామేశం ఎదురుగా దీపం మినుకుమంటూనే ఉంది.

విధి అన్నారు ఊరివాళ్లు. కామేశం ఆ తీగముక్క పీకి తెచ్చి, పోలయ్య శవం పక్కన నిలబడ్డాడు.

"విధి కాదు. నేను" అన్నాడు.

ఊరు వేసిన శిక్ష అనుభవించి తిరిగొచ్చాడు. నాంచారమ్మ కంచంలో అన్నం పెట్టేది, మాట మాత్రం పెట్టేది కాదు. ఆనాటి నుంచి కరెంటు పోయినప్పుడల్లా కామేశం మిద్దెక్కి పలకల మీద గోనెపట్టాలు కప్పేవాడు. స్తంభం మీది మనిషి దిగేదాకా ఆ స్తంభం కిందే నిలబడేవాడు. ఎండ వృథా పోయేది. పోనిచ్చేవాడు.

మిగిలింది పంచడం మంచిదే పిల్లలూ. పుచ్చుకునే చేయి ఎక్కడుందో చూడకుండా పంచితే, ఆ మంచే ప్రాణం తీస్తుంది.