ఆ కట్టెలు ఇంకా ఎన్ని ఉన్నాయి?

చెట్లు పోయి చెలమలు ఎండిపోతున్నాయని, ఇక కొండ మీద గొడ్డలి పడకూడదని ఊరంతా ఒక్కమాట మీద నిలబడింది. దొర ఒక్కడే ఒప్పుకోలేదు.

"మండువేసవైనా సరే, నాకు వేణ్ణీళ్ళే కావాలి. బండెడు కట్టెలు కొట్టించు. నీళ్ళు చల్లగా ఉన్నాయో, వీపు చీరేస్తా!" అని నీళ్ళు కాచే గవరయ్యను గద్దించాడు.

గవరయ్య చిత్తమన్నాడు. మర్నాడు పొద్దున్నే మసిపట్టిన కాగులన్నీ నింపి, మేడమీద ఎండలో పెట్టాడు.

సాయంత్రం దొర చెంబెడు పోసుకుని మురిసిపోయాడు. "అబ్బ, ఏం వేడిరా! పొగ వాసనైనా లేదు. ఎక్కడి కట్టెలు?"

"కొండమీదివే దొరా."

"ఇకమీదట ఇవే వాడు. వేరేవి ముట్టుకుంటే ఊరుకోను! ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"అన్నీ ఉన్నాయి దొరా, చెట్లకే!"